కుప్పింటాకు చెప్పుకున్న కథ

ఆత్మకథ అన్నాక ‘నేను’ అని మొదలుపెట్టాలి. గుమ్మానికో పేరున్న మొక్క ‘నేను’ అంటే ఎవరికి తెలుస్తుంది? అందుకే కుప్పింటాకు తన కథను తన పేరుతోనే చెప్పుకుంటోంది.

ఉండేది బెంగళూరులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, ఇంకా ఇల్లు లేవని ఓ సైటులో. హోసూరు, సర్జాపూర్ రోడ్ల మధ్య ఉందని లేఅవుట్‌కు ఆ పేరు. కుప్పింట పేర్లకు మాత్రం లెక్కలేదు. కలుపు పీకే కన్నడావిడకు అది కుప్పిగిడ. పక్క పీజీలో తమిళ వంటాయనకు కుప్పైమేని. అనంతపురం నుంచి కూతురింటికొచ్చిన అమ్మమ్మకు కుప్పింటాకు. ఇంకో తెలుగింట్లో మురిపిండి. మరాఠీవాళ్లు ఖోకలీ అంటారు. వాళ్ల భాషలో ఖోకలా అంటే దగ్గు, ఆ దగ్గుకే మందుగా వాడేవారు మరి.

సంస్కృతంలో హరితమంజరి, అంటే పచ్చని కంకి. ఈ పేరు పెట్టినాయన కంకిని దగ్గరగా చూసే ఉంటాడు. పైన పిసరంత మగపూలు, కింద ఆడపూలు, వాటికి రంపపు అంచున్న ఆకుపచ్చ దొన్నెలు.

తమిళంలోనే పూనైవణంగి అని మరో పేరుంది. పూనై అంటే పిల్లి, వణంగి అంటే వంగి దణ్ణం పెట్టేది. వేరుతో సహా పీకి పడేస్తే చాలు, అపార్ట్‌మెంటు పిల్లి వచ్చి దానిమీద పడి పొర్లుతుంది.

కుప్పింటది ఆముదం కుటుంబం. చుట్టాలైన జెముళ్లను తుంచితే పాలు కారతాయి, దీనికి కారవు. కొచ్చిలో డచ్చి గవర్నరుగా చేసిన వాన్ రీడ్ 1678–1693 మధ్య పన్నెండు సంపుటాలుగా వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’లో దీన్ని మలయాళం పేరుతోనే, కుపమేనిగా ఎక్కించాడు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వచ్చి అకాలిఫా ఇండికా అన్నాడు. అకాలిఫా గ్రీకువాళ్ల దురదమొక్క పేరులోంచి వచ్చింది. కుప్పింట ఎవరినీ దురద పెట్టదు. పైగా అమ్మమ్మ దాని ఆకును పసుపు, ఉప్పుతో నూరి దురదకే పూస్తుంది. ఈ పేరు విషయంలో లిన్నేయస్ మీద కుప్పింటకు ఇప్పటికీ గుర్రే.

పూత సరే, కడుపులోకి పుచ్చుకోవడం వేరు. శ్రీలంకలో ఈ ఆకు కాచి తాగిన కొందరికి, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు, ఎర్ర రక్తకణాలు చితికి ఆసుపత్రి పాలైన కేసులు వైద్య పత్రికలకెక్కాయి. కషాయం కాచేముందు డాక్టరును అడగమని కుప్పింటే చెబుతోంది.