ఏమీ చేయని డబ్బా

కొన్న వస్తువు ఏదో ఒకటి చేసి చూపించాలని మన ఇళ్లలో గట్టి నమ్మకం. మిక్సీ అరవాలి, గీజరు కాగాలి, ఫ్రిజ్ కనీసం గుర్రుమనాలి. పోయిన వారం మా ఇంట్లో దిగిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తీరు వేరు. పాటను ముట్టుకోకపోవడంలోనే దీని గొప్పతనమంతా ఉంది. లోపలికి వచ్చిన పాటకు కాస్త బలం పట్టించి, దేన్నీ కలపకుండా, దేన్నీ తియ్యకుండా బయటికి పంపాలి. అది ఉన్న సంగతే తెలియకపోతే బాగున్నట్టు, తెలిస్తే బాగోలేనట్టు. అలాంటిదాని మీద మొదటి అభిప్రాయం చెప్పమంటే ఏం చెప్పేది?

ఈ సిద్ధాంతాన్ని మా ఆవిడకు ఓపిగ్గా వివరించాను. అంతా విని, "ఏమీ చెయ్యని మనిషి ఇంట్లో ఉండగా మళ్లీ డబ్బా ఎందుకండీ?" అంది.

ఎందుకంటే, నా దగ్గరున్నది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చి, ఇప్పటికీ అమ్ముడుపోతున్న మొండిఘటం. దాని నిరోధం 300 ఓమ్‌లు. నా ఫోనుకు తగిలించే చిన్న డాంగిల్ మహా అయితే 1 వోల్టు ఇస్తుంది. 300 ఓమ్‌ల మీద 1 వోల్టు అంటే 3 మిల్లీవాట్ల చిల్లర. అదే ఈ డబ్బా 6 వోల్టులు ఇస్తే 120 మిల్లీవాట్లు. ముప్పై ఆరు రెట్లు పెరిగిందని చంకలు గుద్దుకునే ముందు ఇంకో లెక్క కూడా చూడాలి. దేవుడి గదిలో మనం పెట్టుకునే పాతకాలపు జీరో బల్బు 15 వాట్లు తాగేది. ఇక్కడ అడాప్టరు, వైర్లు, ఇనప డబ్బా, ఇంత హంగామా చేసి చెవికి అందించేది 0.12 వాటు. మామూలుగా పాటలు వినడానికి అందులో 1 మిల్లీవాటు కూడా ఖర్చు కాదు. మిగిలిందంతా ఎప్పుడో మృదంగం ఉరిమినప్పటి కోసం దాచుకున్న నిల్వ.

పెట్టె విప్పుతుంటే మా మేనత్త వచ్చింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. హెడ్‌ఫోన్ చివరనున్న లావుపాటి 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గును చేతిలోకి తీసుకుని, "ఒరేయ్, ఇది మా బోర్డులో దూర్చేలాంటిదే కదరా! దీంతో ఎన్ని ట్రంకు కాల్స్ కలిపానో" అంది. అత్తయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఈ ప్లగ్గు పుట్టింది పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ బోర్డుల కోసమే. సరికొత్త వస్తువని నేను మురిసిపోతుంటే, అందులో ముఖ్యమైన భాగం మా అత్తయ్య కంటే వయసులో పెద్దదని తేలింది.

స్విచ్ వేశాను. మొదట వినిపించింది 'గుయ్' అనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కదా, సరిగ్గా ఆ శ్రుతిలోనే. లాప్‌టాప్ ఛార్జరు ఒక గోడకు, డబ్బా అడాప్టరు ఇంకో గోడకు పెట్టడంతో, రెండు ఎర్తుల మధ్య పేచీ వచ్చి చెవిలో కూర్చుంది. ఛార్జరు పీకగానే మోత ఆగింది. ఇలాంటి నిశ్శబ్దాన్ని ఆడియో సమీక్షకులు 'నల్లటి నేపథ్యం' అంటారు. నా హెడ్‌ఫోనేమో వెనకవైపు జల్లెడలా తెరిచి ఉండే రకం. ఆ నల్లటి నేపథ్యంలోంచి మా వంటింటి కుక్కర్ మూడో విజిల్ స్ఫటికంలా వినిపించింది. జల్లెడ రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి నా పాట కూడా హాల్లోకి వినిపించింది. ఏకాంతం కోసం హెడ్‌ఫోన్ కొనుక్కునేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి.

పాట 1957 నాటి మాయాబజార్‌లోది. అవి ఒకే ట్రాక్ రోజులు. రెండు చెవులకూ ఒకే శబ్దం అందుతుంది కాబట్టి ఘంటసాల గారు ఎడమకూ కుడికీ జరగకుండా సరిగ్గా మన తల మధ్యలో నిలబడి పాడాలి. కానీ నాబ్‌ను బాగా తగ్గించి పెట్టినప్పుడు ఆయన ఎడమ చెవిలోకి ఒరిగిపోయారు. చవక నాబులకు ఉండే జబ్బే ఇది. మొదటి మలుపులో రెండు వైపులా సమానంగా తెరుచుకోవు. ఇంకాస్త తిప్పితే ఆయన మధ్యకొచ్చి సర్దుకున్నారు. ఆయన వెంటే పాత టేపు 'సుయ్' మనడం కూడా వచ్చింది. అదీ ఇదీ ఒకేలా పెంచడమే డబ్బా ధర్మం మరి. తర్వాత 1989 నాటి గీతాంజలి పెట్టాను. ఇళయరాజా వయొలిన్లు రెండు చెవులకూ విడివిడిగా పరుచుకుంటే, ఇంటి లోన్ ఇంకా మిగిలి ఉందన్న సంగతి కాసేపు మర్చిపోయాను.

"ఫోన్లో కంటే ఎంత బాగుందో!" అన్నాను. మా ఆవిడ ఊరుకోలేదు. ఆవిడ లెక్కల టీచరు. శబ్దం పిసరంత ఎక్కువున్నా మన చెవి దాన్ని 'మెరుగు' అని రాసేసుకుంటుంది కాబట్టి రెండింటినీ సమానం చేశాకే పోల్చాలని నేనే ఎప్పుడో చెప్పానట. మల్టీమీటరు తెచ్చి, వోల్టేజీలు సరిచేయించి, నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. వైర్లు మారుస్తూ "ఇప్పుడెలా ఉందండీ?" అని అడుగుతూ, కాగితం మీద టిక్కులు పెట్టుకుంది. చివర్లో ఫలితం చదివి వినిపించింది: "మీరు ప్రతిసారీ రెండో దానికే మార్కులేశారు. అది డబ్బా అయినా సరే, డాంగిల్ అయినా సరే."

నిజానికి ఇది డబ్బాకు దక్కిన కితాబు. ఏమీ కలపలేదని ఇంతకంటే రుజువేముంది? ఏమీ కలపకూడదనే ఈ మతానికి ఒక ప్రవక్త కూడా ఉన్నాడు. ఊరూ పేరూ చెప్పని ఒక ఇంజనీరు 2011లో ఓ2 అనే యాంప్లిఫయర్ నమూనాను లోకానికి ఉచితంగా ఇచ్చేశాడు. చెవి మాట కాదు, మీటరు మాట వినండని పోరాడాడు. బల్లమీద పెట్టుకునే పెద్ద యాంప్లిఫయర్ కూడా చేస్తున్నానని ఊరించి, 2012లో మాయమైపోయాడు. ఆ పెద్దది రానేలేదు.

నా తీర్పు ఇది. డబ్బా మంచిదే. తక్కువ శబ్దంతో రికార్డు చేసిన పాత పాటలకు, ఎంత తిప్పినా ఇంకా మిగిలి ఉండే ఆ నాబ్ పెద్ద సుఖం. మీరు కొనాలనుకుంటే ముందు మీ హెడ్‌ఫోన్ పెట్టెమీద ఓమ్‌ల అంకె చూడండి. 32 అని ఉండి, ఫోనులో శబ్దం సరిపోతుంటే ఆ డబ్బు దాచుకుని ఇంకా మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి. తేడా అక్కడ తెలుస్తుంది. 300 అని ఉండి, ఫోను చాలడం లేదనిపిస్తేనే కొనండి. కొన్నాక హెడ్‌ఫోన్ తగిలించే ముందు నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పడం మరవకండి. 120 మిల్లీవాట్లు చెవికి చాలా ఎక్కువ.