మస్టరుకు ముసుగు

2025 నవంబరు 14 నుంచి పాలమూరు, నల్గొండ ప్రజల గుట్టు భద్రం. అంతకుముందు రోజు దాకా పది రూపాయలు కట్టినవాడెవడైనా వచ్చి దాన్ని రట్టు చేసే ప్రమాదం ఉండేదట. ఢిల్లీలో ఎవరో మన కోసం నిద్ర మానుకుని ఆలోచించారు. డేటా రక్షణ చట్టం చాటున సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని చెక్కి చెక్కి ఒక్క ముక్క మిగిల్చారు. వ్యక్తిగత సమాచారమా, ఇవ్వక్కర్లేదు. అడిగినదానికి ప్రజల పనితో సంబంధం ఉందా, విశాల ప్రయోజనం ఉందా, శాసనసభకు చెప్పగలిగింది సామాన్యుడికి ఎందుకు చెప్పకూడదు అనే పాత చాదస్తమంతా వదిలిపోయింది.

సమాచారం ఇవ్వాల్సిన పీఐఓ సార్లకు మాత్రం నిజంగానే మేలు జరిగింది. ఇరవై ఏళ్లుగా పాపం ఎన్ని జవాబులు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది! రికార్డు ఆడిట్‌కు పోయింది. మీరు అడిగిన నమూనాలో లేదు. పాత జిల్లా నుంచి ఇంకా రాలేదు (2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు బయల్దేరిన బీరువాలు కొన్ని ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాయి). పని వేళల్లో వచ్చి చూసుకోగలరు. తీరా పోతే తాళంచెవి ఉన్నాయన మీటింగులో ఉంటాడు. ఇప్పుడిన్ని అక్కర్లేదు, ఒక్క రబ్బరు స్టాంపు చాలు.

ఆ స్టాంపు రుచి నాకూ చూపించారు. ఏ ఆఫీసో చెప్పను, అది వ్యక్తిగతం. చెరువు కట్ట మరమ్మతు కొలతల పుస్తకం నకలు అడిగాను. కాంట్రాక్టరు గారు మూడో వ్యక్తి కనుక ఇవ్వలేమన్నారు. కట్ట మీద ఎన్ని ఘనపు మీటర్ల మట్టి పోశారో నాకు తెలిస్తే ఆయన అంతరంగం బట్టబయలవుతుంది కాబోలు. నిజమే, పోయని మట్టి గురించి ఎవరికైనా సిగ్గు ఉండకుండా ఎలా ఉంటుంది?

అసలు మనిషి లేని సర్కారు కాగితం ఏదో ఒక్కటి చూపించండి. కరువు పని మస్టరు తీసుకోండి. కూలి పేరు, జాబ్ కార్డు నంబరు, పని దినాలు, కూలి డబ్బు: మొత్తం వ్యక్తిగతమే. 2006లో ఉపాధి హామీ మొదలైన మొదటి విడతలోనే మన రెండు జిల్లాలూ ఉన్నాయి. ఆ తర్వాతి సామాజిక తనిఖీల్లో ఏం చేసేవాళ్లం? మస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఊరందరి ముందు మైకులో పేర్లు చదివి, మండల ప్రజావేదికలో నిలదీసేవాళ్లం. ఎంత అనాగరికం! బొంబాయిలో మట్టి మోస్తున్న పాలమూరు కూలి అదే వారం సొంతూరి కుంటలోనూ మట్టి మోసినట్టు దొరికిపోయేవాడు. ఒకే మనిషి రెండు చోట్ల ఉండగలగడం అతని సొంత విద్య. దాన్ని మైకులో చాటవచ్చా? చచ్చిపోయినాయన పూడిక తీసిన సంగతి మరీ సున్నితమైనది. ఇకమీదట అది తెలియాలంటే ఆయన అంగీకార పత్రం జతచేయాలేమో. వేలిముద్ర తేవడం కష్టమేమీ కాదు, మస్టరులో ఎలాగూ వేస్తున్నాడు.

భూమి రికార్డు పహాణీ సంగతి చూడండి. పట్టాదారు ఒక వ్యక్తి, కబ్జాదారు ఇంకో వ్యక్తి. ఇద్దరి పరువూ కాపాడి 1954-55 ఖాస్రా పహాణీ నకలు ఇస్తే మనకు దక్కేది సర్వే నంబరూ, తరీనో ఖుష్కీనో చెప్పే ఒక ముక్కా. దాన్ని పట్టుకుని కోర్టుకు పోయి, అయ్యా ఈ భూమి ఎవరిదో ఒకరిది అని వాదించుకోవచ్చు. మర్రిగూడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత? బోరు వేయించినాయన ఒక వ్యక్తి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారే, ఆ పనిని తనిఖీ చేసిందెవరు? ఆయన కూడా ఒక వ్యక్తే.

ఇక్కడితో వెటకారం చాలు. నాకు మండుతున్నది వేరే ఉంది.

మా గుట్టును ఈ సర్కార్లు ఏనాడు దాచాయి? పాలమూరు-రంగారెడ్డి, డిండి ప్రాజెక్టులకు భూములు గుంజుకునేటప్పుడు రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలతో సహా పేపర్లో అచ్చేశారు. అప్పుడు గుర్తురాలేదు వ్యక్తిగతం. 2024 ఇంటింటి సర్వేలో 75 ప్రశ్నలడిగారు. కులం చెప్పు, అప్పు చెప్పు, ఇంట్లో ఏమున్నాయో చెప్పు. అదే ఏడాది జనవరిలో ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డున పడ్డాయి. ఆ కాగితాలు ఎవరివి? మా గుట్టు గోడ మీద, మీ గుట్టు బీరువాలో. ఇదీ మీ గోప్యత.

ఇది ఒక్క ఢిల్లీ పాపమా? 2014లో వచ్చిన రాష్ట్రానికి సొంత సమాచార కమిషన్ 2017లో గానీ రాలేదు. 2021 అక్టోబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి, పై అధికారి అనుమతి లేకుండా పీఐఓలు సమాచారం ఇవ్వొద్దని సర్క్యులర్ వేస్తే హైకోర్టు ఆపాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషన్‌లో ఒక్క కమిషనరు లేడు. కారు పోయింది, చెయ్యి వచ్చింది, కుర్చీలు అప్పటిదాకా ఖాళీగానే ఉండిపోయాయి. రెండో అప్పీలు వేసినవాడు అన్నాళ్లూ ఎవరి మొహం చూడాలి? ఈ ఒక్క సంగతిలో మూడు పార్టీలదీ ఒకటే మేనిఫెస్టో.

సమాచార హక్కు చట్టంలో 8(2) అలాగే ఉంది కదా, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు కదా అంటున్నారు కేంద్రం పెద్దలు. ఎక్కువో తక్కువో తూచేదెవరు? దాచుకున్నాయనే. సమాచారం ఇవ్వకపోతే పీఐఓకు జరిమానా రోజుకు 250 రూపాయలు, మొత్తం 25 వేలు దాటదు. డేటా చట్టంలో పెద్ద జరిమానా 250 కోట్లు. అది పీఐఓ నెత్తిన పడేది కాదు, వ్యవహారం వేరు. కానీ ఆ అంకె చెవిన పడ్డాక ఏ గుమాస్తా బీరువా తెరుస్తాడు?

అయినా అడగండి, వాళ్లకు నిద్ర పట్టకూడదు. తెల్లకాగితం చాలు, ఫారం ఉంటేనే తీసుకుంటామన్న మాట నమ్మకండి. పంచాయతీకి రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. నీకెందుకు అంటే 6(2) చూపండి, కారణం చెప్పాల్సిన పని లేదు. "సమగ్ర వివరాలు" అని రాయకండి, ఫలానా పని కొలతల పుస్తకం, ఫలానా నెల మస్టరు అని రాయండి. పేర్లున్నాయంటే సెక్షన్ 10 ప్రకారం పేర్లు కొట్టేసి మిగిలింది ఇమ్మనండి. ప్రజా ప్రయోజనం ఏమిటో 8(2) పేరు పెట్టి మొదటి అర్జీలోనే రాయండి. ముప్పై రోజులు దాటితే వాళ్ల పై అధికారికే అప్పీలు. తపాలా రసీదు దాచుకోండి.

అర్జీ ఎవరి పేర వేయాలో తెలియకపోతే ఆఫీసు ముందు బోర్డు చూడండి. పీఐఓ పేరు, హోదా తామే ప్రకటించాలని 4(1)(బి)లో ఉంది. నేను పోయిన ఆఫీసులో మాత్రం ఆ బోర్డు మీద సున్నం కొట్టేశారు. సారు పేరు కూడా వ్యక్తిగతమేనా అని అడుగుదామనుకున్నాను. అడగాలంటే ముందు ఆయన పేరు తెలియాలి.