పక్కన కూర్చునేదాన్ని

నా పొట్టలో ఓ చీటీ అతికించి ఉంది. చీలికలోంచి టార్చి వేసి చూస్తే స్ట్రాడివేరియస్ అన్న పేరు, పక్కన 1721 అన్న అంకె కనిపిస్తాయి. అది చదివి కళ్లు పెద్దవి చేసినవాళ్లు ఇప్పటికి నలుగురైదుగురున్నారు. అంతా ఉత్తిదే. ఇటలీ ముఖం నేనెరగను. జర్మనీలోని శాక్సనీ పల్లెల్లో ఒక ఇంట్లో మెడలు, ఇంకో ఇంట్లో పొట్టలు చెక్కి, అన్నీ పోగేసి అతికించిన వేలాది ఫిడేళ్లలో నేనొకదాన్ని. ఆ రోజుల్లో దొడ్డవాళ్ల పేరు చీటీ మీద అచ్చేసి అమ్మడం అక్కడ మామూలు వ్యాపారమే.

మా మాస్టారి తాతగారు నన్ను విశాఖలో పాత సామాన్ల కొట్లో కొన్నారు. ఆయన హరికథల్లో పక్కవాద్యం. దాసుగారు గజ్జె కట్టి నిలబడితే వెనక మృదంగం, ఈ పక్కన నేను. శ్రీరామనవమి పందిళ్ల తొమ్మిది రోజులూ చేతినిండా పని, ఆపైన ఎండాకాలమంతా గోడకు వేలాడటం.

మనవడికి పదమూడో ఏట నన్నిచ్చి విజయనగరం సంగీత కళాశాలకు పంపారు. 1919లో మొదలైన ఆ కాలేజీకి తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. చదువుకోవడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వాయింపు విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా ఉండిపొమ్మన్నారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని చదువుకున్నదీ ఆ ఊళ్లోనే. రెండు కథలూ ప్రతి పిల్లవాడూ వింటాడు. మొదటిదే చెవికెక్కుతుంది. మా వాడికీ అంతే. పక్కన కూర్చునే ఫిడేలును మధ్యకు తెచ్చి ఒంటరిగా కచేరీలు చేసి, 1941లో సంగీత కళానిధి అందుకున్న మనిషి తిరిగిన నేల కదా మరి!

సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. ముందు పాడాలి, తర్వాతే కమాను ముట్టాలి, అదీ గురువుగారి శాసనం. కుడికాలు చాపుకుని నేల మీద కూర్చుంటే నా తల మా వాడి చీలమండ మీద ఆనుతుంది. అక్కడ ఆని ఆని నా రంగు లేచిపోయింది. వేళ్లు జారడానికి చుక్క కొబ్బరినూనె, కమానుకు రోజనం. భైరవిలో అట తాళ వర్ణం రెండు కాలాల్లో వాయించేసరికి మా వాడికి మీసాలొచ్చాయి.

ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్తే మొదటిసారి రాలేదు. రెండోసారి బి గ్రేడు వచ్చింది. ఇంటిల్లిపాదీ మిఠాయి తిన్నారు. ఆ గ్రేడు మీద ఏడాదికి ఎన్ని పిలుపులొస్తాయో అప్పటికి మాకు తెలీదు.

కచేరీ బతుకు ఎలా ఉంటుందో వేదిక కింద కూర్చున్నవాళ్లకు కనబడదు. రిహార్సల్ ఉండదు. ఏ రాగమో గాయకుడు నోరు తెరిచాకే తెలుస్తుంది. ఆయన ఆలాపన పావుగంట, నాకు దక్కేది నాలుగు నిమిషాలు. ఆయన తప్పితే నేను సర్దుకోవాలి, నేను తప్పితే ఆయన తిరిగి చూస్తాడు. ఓ దసరాకు సాయంత్రం ఒకటో శ్రుతి గాయకుడు, వెంటనే ఐదున్నర శ్రుతి గాయని. తీగలు వదులు చేసి వాయించిన నన్ను పది నిమిషాల్లో బిగించబోతే మొదటి తీగ టప్పున తెగి మాస్టారి చెంప గీరింది. ఆ రాత్రి చేతికొచ్చిన కవరులో సగం కొత్త తీగల సెట్టుకే పోయింది. పాడినవాళ్ల కవరు మందం వేరు, దాని గురించి ఎందుకులెండి.

కొన్నాళ్లు మద్రాసులో సినిమా రికార్డింగులకు వెళ్లాం. అక్కడ కుర్చీలో కూర్చుని నన్ను గడ్డం కింద పెట్టుకోవాలి, ఎదురుగా స్టాఫ్ నొటేషన్. ఇరవై మంది ఒక్క కమానులా లాగాలి, గమకం వేస్తే కండక్టరు కర్ర ఆగిపోతుంది. డబ్బు మాత్రం ఆ రోజుకారోజే చేతిలో పడేది. కీబోర్డులు వచ్చి మా వరసల్ని కొద్దికొద్దిగా మింగేశాయి. ఒకరోజు పిలుపు రావడం మానేసింది. అది చెప్పడానికి కూడా ఎవరూ ఫోన్ చేయలేదు.

ఇప్పుడు మా ఇల్లు గడిచేది పాఠాల మీద. పొద్దున్న ఆరున్నరకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాం, అప్పటికి డల్లాస్‌లో రాత్రి భోజనాల వేళ. నేను షడ్జం పట్టుకుని నిలబెడితే ఆ యంత్రం దాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని నొక్కేస్తుంది! ఆ సెట్టింగు ఎక్కడ తీసేయాలో మాస్టారికి ఓ పదేళ్ల శిష్యుడు నేర్పాడు. ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం కుదరదు. ఇక్కడి తాళం అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఒకరు వాయిస్తే ఒకరు వినాలి. తాతగారు చూసుంటే ఇది పాఠమా, ఉత్తరాల రాయబారమా అని నవ్వేవారు. నాకు మాత్రం మాస్టారి భైరవి గాంధారం ఇప్పుడే బాగా పండిందనిపిస్తుంది. పదిమందికి చెప్పి చెప్పి తేలిన గాంధారం అది.

మొన్న వీధి చివరి ఇంటాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆరేళ్లుగా మా దగ్గరే నేర్చుకుంటున్న పిల్ల. ఇంటర్ అయింది, సంగీతంలోనే డిగ్రీ చేస్తానంటోంది.

"ఇందులో అన్నం పుడుతుందా మాస్టారూ?" అన్నాడాయన.

"కచేరీల మీద పుట్టదండి. పాఠాల మీద పుడుతుంది, అదీ పదేళ్లు పోయాక. ఇంకో చదువు కూడా చదివించండి. పొద్దున్న గంటన్నర సాధన మాత్రం ఆపించకండి."

పిల్ల ముఖం వాడింది. తండ్రి ముఖం తేటపడింది. మాస్టారు ఎవరి ముఖమూ చూడకుండా నా బిరడాలు సరిచేస్తూ కూర్చున్నారు. లేచేముందు మాత్రం నన్ను తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టారు.

ఈ నవమికి మా పేట రామాలయంలో ఆమె మొదటి పక్కవాద్యం, నాతోనే. కవరులో ఎంతో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఆటో చార్జీలు మాత్రం ముందే అడిగి తీసుకోమన్నారు మాస్టారు.