ఆ మాట అనకూడదట!

మయన్మార్‌లోని యాంగోన్ విలేకరులకు 2021లో ఓ భాషాపాఠం దక్కింది. ఫిబ్రవరి 1న తెల్లారకముందే ఎన్నికైన నేతల్ని నిర్బంధించి సైన్యం గద్దెనెక్కింది. చంటిపిల్లాడైనా దీన్ని తిరుగుబాటే అంటాడు. పది రోజులు గడిచాయో లేదో, ‘ఆ మాట రాయొద్దు, ఇది రాజ్యాంగం ప్రకారం అత్యవసర పరిస్థితి’ అని సమాచార శాఖ హెచ్చరించింది. ఇల్లు ఊడ్చుకుపోతున్న దొంగ గుమ్మంలో ఆగి, ‘దొంగతనం అనకండి, సామాను తరలింపు అనండి’ అన్నట్టు!

‘మయన్మార్ టైమ్స్’ యాజమాన్యం ఆ మాట వాడొద్దంది. డజనుకు పైగా సిబ్బంది రాజీనామా చేసి వెళ్లిపోయారు. పత్రిక అదే నెలలో అచ్చు ఆపేసింది. మార్చి 8న మరో ఐదు మీడియా సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి. ఒక్క పదానికి ఇంత ఖరీదు!

మనకా బాధ లేదు. ఏ మాటైనా వాడొచ్చు, అందుకే అన్నీ ఒకేసారి వాడేస్తాం. మంత్రిగారు తుమ్మితే ‘సంచలనం’, రుమాలు తీస్తే ‘షాకింగ్’. యాంకరు కోపమే వార్త, అరుపే ఆధారం. మరీ అనుమానమైతే స్క్రోలింగ్ చివర ఓ ప్రశ్నార్థకం తగిలిస్తే సరి: ‘ఫలానా నేత పార్టీ మారుతున్నారా?’ పాపం ఆ నేతకు ఆ సంగతి టీవీలోనే తెలుస్తుంది.

అన్నట్టు, రేపు పేపర్లో ‘తెలుస్తోంది’ అని కనబడితే, ఎవరికి తెలిసిందో ఆ వార్తలో ఓసారి వెతకండి.