కాలి ఆపరేషన్ తర్వాత వినకూడని సలహాలు

పాదానికి ఆపరేషన్ అయి నెలలు గడిచినా నొప్పి పోని మనిషికి సిద్దిపేటలో సలహాలకు కొదువ ఉండదు. ట్రాక్టర్ మీంచి దూకి మడమ ఎముక చితికిన రైతు, మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కే నేతన్న, బైకు కింద పాదం నలిగిన పిల్లగాడు, ఎవరైనా సరే, చూడవచ్చిన ప్రతివారూ ఒక మాట చెప్పి పోతారు. చెప్పేవాళ్లది ప్రేమే. కానీ ఆ మాటల్లో కొన్ని బాగుపడే కాలును పాడుచేస్తాయి. తరచుగా వినపడే తప్పుడు సలహాలు ఎనిమిది, వాటికి బదులుగా చేయవలసిన పనులు ఇక్కడ చెబుతున్నాను.

1. “కోత పడ్డ కాలు, నొప్పి ఉంటది. ఓపిక పట్టు బిడ్డా.”

ఓపికకు ఒక హద్దుంది. పాదం వాపు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా ఉండొచ్చు. నొప్పి మాత్రం నెలనెలకూ తగ్గుతూ పోవాలి. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, అడుగు వేసిన ప్రతిసారీ ఒకే చోట పొడిచినా, కుట్ల దగ్గర చీము, నీరు కారుతున్నా ఎముక అతకకపోవడమో, ఇన్‌ఫెక్షనో కారణం కావొచ్చు. మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం నరం దెబ్బతిన్నదానికి గుర్తు. పాదం రంగు మారి, చెమట పట్టి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి ఉంటే అది సీఆర్‌పీఎస్ అనే జబ్బు కావొచ్చు. దానికి ఎంత తొందరగా వైద్యం మొదలైతే అంత మేలు. ఈ గుర్తులుంటే వెంటనే, అవి లేకున్నా మూడు నెలలైనా నొప్పి తగ్గే దారి పట్టకపోతే అప్పుడు, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే ముందు వెళ్లండి. “ఈ నొప్పికి కారణమేంది సార్?” అని సూటిగా అడగండి. జవాబుగా మళ్లీ నొప్పి గోలీలే రాసిస్తే, అప్పుడు రెండో అభిప్రాయం తీసుకోవాలి.

2. “ఇంకో డాక్టర్‌కు చూపిస్తే మొదటి సారు కోపం చేస్తడు.”

రెండో అభిప్రాయం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఈ హక్కు ఉంది. దాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాటిని మూడేళ్లు భద్రపరచాలి. అందుకే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగండి.

రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. ఆపరేషన్‌కు ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రే ఫిలింలు, సీటీ సీడీ, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్, లోపల వేసిన ప్లేటు, స్క్రూల స్టిక్కర్, వాడిన మందుల చీటీలు అన్నీ ఒకే కవర్‌లో పెట్టండి. రెండో అభిప్రాయానికి హైదరాబాద్ పోవాల్సి వస్తే, అది సిద్దిపేట నుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఒక్క ఫిలిం మరిచిపోతే ఆ రోజు కూలీ, కిరాయి రెండూ దండగే.

3. “ఎంత మందికి చూపిస్తే అంత మంచిది.”

పది మందికి చూపిస్తే పది చీటీలు వస్తాయి, ఒకే రకం నొప్పి గోలీ వేర్వేరు పేర్లతో కడుపులోకి పోయి కిడ్నీలు దెబ్బతినొచ్చు. కావలసింది సరైన ఒకరు. ఎముక సంగతైతే పాదం, చీలమండ ఆపరేషన్లు ఎక్కువగా చేసే ఆర్థోపెడిక్ డాక్టర్, మంట, తిమ్మిరి అయితే నరాల డాక్టర్, పాదం చల్లబడితే రక్తనాళాల డాక్టర్. సిద్దిపేటలోనే 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ తేలకపోతే గాంధీ, నిమ్స్, బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నాయి. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే, “ఏ పరీక్ష చేస్తే ఇది తేలుతుంది?” అని ఇద్దరినీ అడగండి. మరో ఆపరేషన్ అవసరమైతే అది ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

4. “రాడ్ తీసేయించు, నొప్పి అదే పోతది.”

స్క్రూ తల చర్మం కింద ఒత్తుకుంటుంటే తీయించడం పనిచేస్తుంది. ఎముక ఇంకా అతకకముందే తీస్తే ఎముక కుంగుతుంది. అతికిందో లేదో మామూలు ఎక్స్‌రేలో తేలకపోతే సీటీ తీస్తారు. పాదం మీద బరువు వేసి నిలబడి తీసే ఎక్స్‌రే కూడా అడగండి. పడుకుని తీసినదాంట్లో కనపడని వంకర అందులో తెలుస్తుంది. మడమ విరిగినవాళ్లకు చాలాసార్లు దాని పైనున్న కీలు అరిగి నొప్పి వస్తుంది. ఆ కీలులోకి మత్తు సూది ఇస్తే కాసేపు నొప్పి పూర్తిగా పోయిందంటే, నొప్పి పుట్టే చోటు దొరికినట్టే. ఇవేవీ చూడకుండా ఎవరైనా రెండో ఆపరేషన్‌కు తేదీ ఇస్తే ఒప్పుకోవద్దు.

5. “కేసీఆర్ సారు మర్నాడే నడిచిండు, నువ్వు ఇంకా మంచంలనే ఉంటివి.”

2023 డిసెంబర్‌లో ఎర్రవల్లిలో జారిపడిన కేసీఆర్‌కు చేసింది తుంటి కీలు మార్పిడి. అందులో కొత్త కీలు బరువు మోస్తుంది కాబట్టి మర్నాడే వాకర్‌తో నడిపిస్తారు. మడమకు ప్లేటు వేస్తే ఆరు నుంచి పన్నెండు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. ఎవరి ఎముక లెక్క వారిదే. ఎప్పుడు, ఎంత బరువు వేయాలో మీ డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

6. “పుత్తూరు కట్టు కట్టించు, లేదంటే మన ఆర్‌ఎంపీతో ఒక సూది వేయించు.”

కుట్లు, ప్లేట్లు ఉన్న పాదం మీద బిగించి కట్టిన కట్టు రక్తాన్ని ఆపుతుంది, లోపలి చీమును కనపడనివ్వదు. పేరు లేని పొట్లాల్లో, సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత షుగర్ పెరుగుతుంది, ఎముక బలహీనపడుతుంది, ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. పేరు తెలియని మందు వేసుకోవద్దు.

7. “గడ్డ మళ్లొచ్చిందా? మళ్లీ కోయించు.”

ఉత్త కాళ్లతో పొలంలో తిరిగేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి. ముల్లు గుచ్చుకున్న చోట ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే గట్టి వాపు, దాని మీద రంధ్రాలు, వాటిలోంచి సన్నటి గింజల్లాంటి పలుకులు కారడం మైసెటోమా గుర్తులు. 1842లో మదురైలో ఒక వైద్యుడు దీన్ని నమోదు చేయడం వల్ల దీనికి మదురా పాదం అనే పేరు వచ్చింది. కొందరిలో ఇది ఫంగస్ వల్ల, కొందరిలో బ్యాక్టీరియా వల్ల వస్తుంది. రెండింటి మందులూ వేరు. ఏదో తేల్చకుండా కోస్తే మళ్లీ మొలుస్తుంది. కోసిన ముక్కను బయాప్సీకి, కల్చర్‌కు రెండింటికీ పంపమని ఆపరేషన్‌కు ముందే అడగండి. ఇదివరకే కోయించుకుని ఉంటే ఆ బయాప్సీ రిపోర్టు వెతికి తీయండి.

8. “షుగర్ ఉన్నోళ్లకు పాదం వాచుడు మామూలే.”

మామూలు కాదు. షుగర్ ఉన్న మనిషి పాదం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి పెద్దగా లేకపోతే అది షార్కో పాదం కావొచ్చు. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు లోలోపలే విరుగుతుంటాయి. బెణుకని అనుకుని నడుస్తూ పోతే పాదం ఆకారమే మారిపోతుంది. ఆ రోజే నడక ఆపి డాక్టర్‌కు చూపించాలి. షుగర్ అదుపును చూపే హెచ్‌బీఏ1సీ, పాదం స్పర్శ, రక్తప్రసరణ మూడూ పరీక్ష చేయించాలి. బీడీ తాగే అలవాటుంటే మానాలి, పొగ ఎముకను తొందరగా అతకనివ్వదు.

చివరగా, కొన్నింటికి రెండో అభిప్రాయం కోసం ఆగకూడదు. చలిజ్వరంతో గాయం చీము పట్టినా, పాదం నల్లబడినా, చల్లబడినా, పిక్క వాచి ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగతా వాటికి ఒక నోటుబుక్కు పెట్టుకుని నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే పెరుగుతుందో రాయండి, కాగితాలన్నీ సర్దుకుని ఒక్క సరైన డాక్టర్‌ను కలవండి. సిగ్గుపడి, భయపడి ఊరుకోకండి. కాలు మీది, అడిగే హక్కూ మీదే.