గుండు ఎరగని తుపాకీ

పుట్టింది ఇటలీలో, బ్రెషా దగ్గరి గార్డోనే వాల్ ట్రోంపియాలో. పోలిక మాత్రం ఇంగ్లండుది, 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. అమెరికా అంతర్యుద్ధంలో స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకీ తర్వాత ఎక్కువ చేతుల్లో తిరిగింది ఆ రకమే. మనకూ పరాయిదేం కాదు. 1857లో సిపాయిలకు ఒళ్లు మండించిన కొవ్వు తూటాలు ఈ వంశం కోసం చేసినవే. కథ చెప్పమంటే ఈ నకలు తుపాకీ ముందు ఆ తాతల ఊసే ఎత్తుతుంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, తాను ఇంతవరకు ఒక్క గుండూ మింగలేదంటుంది.

అందులో నామోషీ ఏమీ లేదట. ఉద్యోగమే అలాంటిది.

పెన్సిల్వేనియాలోని గెట్టిస్‌బర్గ్ దగ్గర 1863 జూలై 1 నుంచి 3 దాకా జరిగిన యుద్ధాన్ని ఔత్సాహికులు ఆ చుట్టుపక్కల పొలాల్లో మళ్లీ ఆడుతుంటారు. అసలు యుద్ధంలో చనిపోయినవారు, గాయపడ్డవారు, పట్టుబడ్డవారు, జాడ తెలియనివారు కలిపి సుమారు 51,000 మంది. నకలు యుద్ధంలో జనాన్ని పడగొట్టేది ఎక్కువగా జూలై ఎండ, ఒంటిమీది ఉన్ని కోటు.

దిగేముందు సోదా ఉంటుంది. మందు కూరే ఇనుప కడ్డీని గొట్టంలోకి జారవిడిస్తే ఖంగుమని మోగాలి. చప్పుడు మెత్తగా వచ్చిందా, లోపల ఏదో ఉన్నట్టే. గొట్టాన్ని నేలవైపు వంచి, మందు లేకుండా నిప్పంటించే క్యాప్ ఒక్కటే పేలిస్తే గడ్డిపోచ కదలాలి. పోరు మొదలయ్యాక కాగితపు తూటాను పంటితో చించి మందు పోస్తారు, అంతే. మామూలుగా కడ్డీ ముట్టుకోనివ్వరు. తొందరలో గొట్టంలో మరిచిపోతే అదే ఎదుటివాడి గుండెల్లో దిగొచ్చు. మనుషులు దగ్గరగా ఉంటే గొట్టం పైకెత్తాల్సిందే. కొరకడం వరకు 1863, కడ్డీ దగ్గరికొచ్చేసరికి ఈ కాలం. ఈ జాగ్రత్త దండగని ఎవరైనా అంటే తుపాకీ 1998ని గుర్తు చేస్తుంది. ఆ ఏడు 135వ వార్షికోత్సవ ప్రదర్శనలో ఒక రివాల్వర్ నుంచి నిజం గుండే వచ్చి ఒకాయన మెడకు తగిలింది.

చావు నటించేవాళ్లను చూస్తే దానికి చిరాకు. రాబర్ట్ లీ హాడ్జ్ అనే ప్రదర్శకుడు ఉబ్బిన శవంలా పడుకోవడంలో సిద్ధహస్తుడు. టోనీ హార్విట్జ్ రాసిన ‘కాన్ఫెడరేట్స్ ఇన్ ది ఆటిక్’ ఆయన్ని ఊరూవాడా పరిచయం చేసింది. పాత ఫోటోల్లోని శవాలకు అచ్చు నకలు. సరే, ఆ ఫోటోలెంత అసలువి? గెట్టిస్‌బర్గ్‌లో ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం ఒక కుర్ర సైనికుడి శవాన్ని కొన్ని పదుల గజాలు మోసుకెళ్లి, రాళ్లగోడ పక్కన పడుకోబెట్టి, షార్ప్‌షూటర్ అని పేరు పెట్టింది. గోడకు ఆనించిన తుపాకీ షార్ప్‌షూటర్లు వాడే రకం కాదు, తెచ్చి పెట్టిందే. ఈ గుట్టును చరిత్రకారుడు విలియం ఫ్రాసనిటో 1975లో వివరంగా బయటపెట్టారు. తన జాతిలో మొదటి నటి ఆ తుపాకీయేనంటుంది మన కథానాయిక. అదీ నిజం శవం పక్కన, ఆ కుర్రాడి ఇంట్లో ఎవర్నీ అడగకుండా.

గుండీ రంగు తప్పితే గోల చేసేవాళ్లు ఇంకోటి వదిలేస్తారు. పెన్సిల్వేనియాకు వచ్చిన దక్షిణాది సైన్యం అక్కడి స్వతంత్రులైన నల్లజాతీయులను పట్టి దక్షిణానికి తోలుకుపోయింది. ఆ ఘట్టం ఆడగా తుపాకీ చూడలేదట.

1961లో అంతర్యుద్ధ శతాబ్ది వేడుకగా మనాసస్ యుద్ధభూమిలోనే పోరు ఆడించారు. ఆ తర్వాత అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ తన యుద్ధభూముల్లో నకలు పోరాటాలు కట్టిపెట్టింది. మనుషులు చచ్చిపోయిన చోట చావు నటించడం తగదన్నది వాళ్ల వాదన, సబబే. కాల్పులు చూపించడానికి మాత్రం అడ్డు లేదు. ఆ డ్యూటీయే తుపాకీకి ఇష్టం. ఎదుట శత్రువుండడు, పేలాక ఎవరూ పడరు. నిమిషానికి ఎన్నిసార్లు కాల్చొచ్చని పిల్లలు అడిగితే, చెయ్యి తిరిగినవాడు మూడుసార్లని దాని యజమాని చెబుతాడు. మెత్తటి సీసపు గుండు తగిలితే ఎముక నుగ్గయ్యేదని, అందుకే డాక్టర్లు కాళ్లూ చేతులూ తీసేసేవారని కూడా చెబుతాడు.