ఫోనుకూ లింక్ డాక్యుమెంట్ కావాలట!

మా మన్నెగూడలో మనిషి కనబడితే ఏం చేస్తుంటాడో అడగాల్సిన పని లేదు. సాగర్ రోడ్డు మీద రాగన్నగూడ దాటిన దగ్గర్నుంచి బొంగ్లూరు ఔటర్ దాకా చాయ్ హోటలు, పంక్చర్ షాపు, ఇస్త్రీ బండి అన్నీ పైకి కనిపించే వ్యాపారాలే. లోపలి వ్యాపారం ఒక్కటే. "ఏదన్నా ప్లాటుందా?" అని గాల్లోకి అడిగి చూడండి, నలుగురు జేబులోంచి ఫోన్లు తీస్తారు.

ఆ నలుగురిలో మా బావ ఒకడు. ఈ మధ్య ఆయన ఫోను మీద పగబట్టాడు. కూకట్‌పల్లి నుంచి ఒక పార్టీ ప్లాటు చూడ్డానికి బయల్దేరింది. బావ వాళ్లకు "మన్నెగూడ రండి" అని మెసేజ్ పెట్టి పెరుగన్నం తిని కూర్చున్నాడు. రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో మన్నెగూడలు రెండున్నాయని, రెండోది చేవెళ్ల అవతల పూడూరు మండలంలో ఉందని ఆయనకు తెలీక కాదు. తన మన్నెగూడ తప్ప ఇంకో మన్నెగూడకు ఎవరైనా ఎందుకు పోతారని ధీమా. పార్టీ నేరుగా అప్పా జంక్షన్ మీదుగా బీజాపూర్ రోడ్డెక్కింది. మర్రిచెట్లు కొట్టాలా వద్దా అని 46 కిలోమీటర్ల విస్తరణ ఏళ్ల తరబడి ఆగిందే, ఆ రోడ్డన్న మాట. చెట్ల నీడన కారాపి ఫోన్ చేశారు: "మీ వెంచర్ దారి మస్తు పచ్చగున్నది సార్, నిన్న ఫొటోల ఇట్ల లేదే?"

"లొకేషన్ ఖరాబైంది" అన్నాడు బావ. ఎవరో చెబితే ఫోను పట్టుకుని గాల్లో ఎనిమిది అంకె చుట్టడం మొదలెట్టాడు. దిక్సూచి తడబడితే ఆ చిట్కా నిజంగానే పనిచేస్తుంది, నీలం చుక్క ముందుండే బాణం దారికొస్తుంది. కానీ ఎండలో, రోడ్డు మధ్యలో, గుళ్లో హారతిచ్చినట్టు ఫోను తిప్పుతున్న మనిషిని చూసి ఇద్దరు స్కూటీలాపి దండం పెట్టుకున్నారు. ఊరి పేరు బదులు ప్లాటు దగ్గర నిలబడి మ్యాపులో వేలితో నొక్కి పట్టి, ఆ గుర్తు పంపితే సరిపోయేది. ఆ మాట నేనంటే, "నువ్వు ఫోన్ల గురించి కూడ చెప్తవా?" అన్నాడు. చెల్లెలి మొగుడు, ఏమంటాం!

అసలు రోగం స్టోరేజీది. బావ ఫోను 64 జీబీ. ఆయన లెక్కలో 64 అంటే 64. రెండు వందల గజాల ప్లాటు కొన్నవాడికి, "రోడ్డు కింద ఇంత, పార్కు కింద ఇంత పోతది అన్నా, అది రూలు" అని నవ్వుతూ చెప్పే మనిషి, తన ఫోన్లో ఆండ్రాయిడ్ కింద, కంపెనీ ముందే ఎక్కించిన యాప్‌ల కింద బోలెడన్ని జీబీలు పోయాయంటే మాత్రం ఒప్పుకోడు. "నేను కొన్నది మొత్తం నాకు గావాలె" అంటాడు. ఈ మాట ఆయన కస్టమర్లు వినాలి.

మిగిలిన జాగాలో కాపురం ఎవరిదో చూద్దామని గ్యాలరీ తెరిచాను. ఒకే లేఅవుట్ బ్రోషర్ పదకొండు గ్రూపుల నుంచి పదకొండు సార్లు దిగింది. డ్రోన్ వీడియోలు. బండరాయి పక్కన నిలబడి చెయ్యి చాపిన బావ. ఇక తామరపువ్వు మీద నీటిబొట్టు, దాని కింద శుభోదయం. ఇవి వేలల్లో. మన దేశంలో ఫోన్లు ఎందుకిలా నిండిపోతున్నాయని గూగుల్ వాళ్లే ఆరా తీసి ఈ గుడ్ మార్నింగ్ బొమ్మల దగ్గర తేలారు. 2017 డిసెంబరులో వచ్చిన ఫైల్స్ గో యాప్‌కు ఇలాంటి బొమ్మల్ని ఏరి చూపించడం నేర్పారు. అంటే మనవాళ్ల పొద్దుటి పలకరింపుకి అమెరికాలో ఇంజనీర్లు కూర్చుని చెత్తబుట్ట అల్లారన్నమాట. బావకు ఆ బుట్ట చూపించి, "తీసేయనా?" అన్నాను. "వద్దు, మనోళ్లు ప్రేమతోని పంపిండ్రు" అన్నాడు. పంపినవాళ్లలో సగం మంది పేర్లు ఆయనకు తెలీదు. "ప్లాట్ నంబర్ 14", "సిమెంట్", "సిమెంట్ 2" అని ఉన్నాయి.

చాయ్ హోటల్లో వైద్యులకు కొదవా? ఒకాయన "యాప్‌లన్నీ పైకి తోసెయ్, బ్యాటరీ ఆగుతది" అన్నాడు. ఆ రోజు నుంచీ బావ గంటకోసారి బొటనవేలితో తోస్తూనే ఉన్నాడు. 2015లో వచ్చిన ఆరో ఆండ్రాయిడ్ నుంచీ, వాడకుండా పక్కన పెడితే ఫోను తనంతట తానే యాప్‌లను జోకొడుతుంది. తోసేసినదాన్ని మళ్లీ మొదటి నుంచి లేపడానికే ఎక్కువ ఖర్చు. ఇంకొకాయన ఉచితంగా మెమొరీ కడిగే యాప్ ఎక్కించాడు. అది ఫోను తెరిచినప్పుడల్లా ఒక ప్రకటన, మూసినప్పుడల్లా ఇంకొకటి చూపించడం మొదలెట్టింది. ఇంట్లో దొంగలు పడతారని కాపలా పెడితే వాడే వరండాలో బట్టలకొట్టు తెరిచినట్టుంది. పవర్ ఆఫ్ బొమ్మను వేలితో నొక్కి పట్టి సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి దాన్ని పీకేశాను. మంచిపేరు నాకు రాలేదు, "ఆపి ఆన్ చేస్తే సక్కగైంది" అన్నారంతా.

తప్పంతా మనదే అనను. 2021 మార్చిలో ఒకరోజు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు తెరిచీ తెరవగానే మూసుకుపోయాయి. వెబ్‌వ్యూ అనే లోపలి భాగానికి వచ్చిన అప్‌డేట్ తేడా కొట్టింది. అప్పుడు బావ ఫోనుకు నిమ్మకాయ తిప్పాడు. దాన్ని సరిచేసే అప్‌డేట్ వెంటనే వచ్చేసింది. మార్కులు నిమ్మకాయకు పడ్డాయి. ఇంతకూ 2008లో మార్కెట్లోకొచ్చిన ఆండ్రాయిడ్ చాలా ఏళ్లు వెర్షన్‌కో మిఠాయి పేరు పెట్టుకుంది. 2019లో పదో వెర్షన్ నుంచి తీపి మానేసి అంకెల్లోకి దిగింది. మా వయసువాళ్లకు డాక్టరు చెప్పినట్టే దానికీ ఎవరో చెప్పి ఉంటారు.

పోయిన వారం ఛార్జింగ్ ఎక్కడం లేదన్నాడు. కేబుల్ మార్చాడు, ప్లగ్గు మార్చాడు, కరెంటు వాళ్లను తిట్టాడు. చివరికి రోడ్డు మీద రిపేరు కొట్టుకు తీసుకెళ్లాను. అక్కడి పిల్లాడు ఫోను ఆపి, టార్చి లైటు వేసి, సన్నటి పుల్లతో ఛార్జింగ్ రంధ్రంలో నెమ్మదిగా గీకాడు. ముందు జేబు నూలు ఉండలా వచ్చింది, లేత నీలం, బావ చొక్కాలన్నీ ఆ రంగే. దాని వెనక పొగాకు రవ్వ. ఆ వెనక గట్టిపడిన ఎర్రమట్టి. కాగితం మీద పోసి చూపించాడు. వెంచర్ల చుట్టూ తిరిగి తిరిగి, ఆ మట్టి బావ జేబులోంచి ఫోన్లో చేరింది. "అన్నా, ఇది ఏ సర్వే నంబరు?" అన్నాడు పిల్లాడు. కేబుల్ పెడితే టక్కున పట్టింది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఫోను ఇంకా మెల్లగానే ఉందని, రాత్రి ఎవరి వీడియోనో చూసి బావ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాడు. అదీ మామూలు దారిలో కాదు, ఫోను ఆపి బటన్లు నొక్కి పట్టి. పొద్దున తెరిస్తే తెల్లటి తెర. ఇంతకుముందు ఈ ఫోన్లో ఉన్న గూగుల్ ఖాతా ఏదో చెప్పమంటోంది. దొంగఫోన్లకు మారుబేరం లేకుండా 2015లో పెట్టిన తాళం అది.

"గిదేంది, పాత ఓనర్ ఎవరని నన్నే అడుగుతది?"

"లింక్ డాక్యుమెంట్ అడుగుతున్నది బావా."

ఇరవయ్యేళ్లుగా ఊరందరినీ లింక్ డాక్యుమెంట్ తెమ్మన్న మనిషి నోట మాట లేదు. ఆ ఖాతా ఆయన తెరిచింది కాదు. ఫోను కొన్నరోజు షాపులో కుర్రాడు రెండు నిమిషాల్లో ఏదో పేరు, ఏదో పాస్‌వర్డ్ కొట్టి, "అయిపోయింది సార్" అని చేతికిచ్చాడు. ఆ కుర్రాడిప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

సర్వీస్ సెంటరుకు వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఫోను మీదేనని రుజువుంటే తాళం తీస్తారట, కొన్న బిల్లుంటే చాలట.

"బిల్లున్నది" అన్నాడు బావ, మూడు రోజుల తర్వాత మొదటిసారి ఛాతీ విరిచి.

"ఇవ్వండి సార్."

"కాయితమైతే పోతదని, ఫొటో తీసి ఫోన్ల పెట్టిన."